ఫాదరా? కేకా?

మా ఇత్బాయత్ దీవికీ బాస్కో ఊరికీ మధ్య విమానంలో పన్నెండు నిమిషాలు. పడవలో మూడున్నర గంటలు. సముద్రం మొహం మాడ్చుకుంటే ఇంకా ఎక్కువ. ఇది మా దగ్గర బడికి వెళ్లని పిల్లలకి కూడా తెలుసు. ఆ పన్నెండు నిమిషాలు ఎప్పుడు మొదలవుతాయన్నది మాత్రం పైలట్‌కి కూడా తెలియదు. విమానం చిన్నది. మబ్బు పడితే ఎగరదు, గాలి అడ్డంగా వీస్తే ఎగరదు, మనుషులు చాలకపోతే ఎగరదు, ఎక్కువైతే అసలే ఎగరదు.

నా మేనకోడలు నోరింగ్ పెళ్లి నాటికి ఈ సంగతి తెలియనివాడు మా చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. ఆ పెళ్లి చేయించాల్సింది కూడా ఆయనే. ఫాదర్ అన్సెల్మో.

ముందు మా అక్క గురించి చెప్పాలి. పేరు ఫెలిసా. బావ పోయాక ఆవుల్ని మేపి, వెల్లుల్లి పండించి, నోరింగ్‌ని ఒక్కతే పెంచింది. ఎవరికీ భయపడదు. ఆవిణ్ణి చూసి ఆవులు కూడా సొంతంగా కొట్టంలోకి వెళ్లిపోతాయి. పెళ్లికొడుకు వెన్సి మా ఊరివాడే, నెమ్మదస్తుడు. వాళ్లమ్మ కాండిదా అక్కకి చిన్నప్పటి స్నేహితురాలు. అంటే ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా ఉండలేరు, చూస్తే ఊరుకోలేరు. కిందటేడు కాండిదా తన కూతురి పెళ్లికి బాస్కో నుంచి రెండంతస్తుల కేక్ తెప్పించింది.

"రెండంతస్తులకే ఏడాదంతా చెప్పుకుంది" అంది అక్క నాతో. "నేను మూడంతస్తులది తెప్పిస్తాను. చచ్చేదాకా చెప్పుకుంటాను."

"అక్కా, వియ్యపురాలు కాబోతోంది కదా. ఇప్పుడు కూడా పోటీ ఏమిటి?"

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడురా, సిప్రీ?"

ఆ విధంగా బాస్కో నుంచి రెండు తెచ్చే పని నా మీద పడింది. ఒకటి కేక్, రెండోది ఫాదర్. మా ఊరి ఫాదర్ కంటి ఆపరేషన్ కోసం మనీలా వెళ్లారు. ఆయన బదులు బాస్కో చర్చికి కొత్తగా వచ్చిన ఫాదర్ అన్సెల్మో వస్తానన్నారు.

నేను పెళ్లికి రెండు రోజుల ముందు పడవలో బాస్కో వెళ్లి ఆయన్ని కలిశాను. మనిషి భారీ. తలుపులోంచి పక్కకి తిరిగి రావాలి. నవ్వితే చొక్కా గుండీలు కూడా కదిలేవి. కాగయాన్ మైదానాలవాడు కాబట్టి మా కొండలూ గాలులూ ఆయనకి ఇంకా కొత్తే.

"ఫోన్‌లో చూశాను, సిప్రియానో" అన్నారు హుషారుగా. "నలభై కిలోమీటర్లు కూడా లేదు. పన్నెండు నిమిషాలు! మా ఊళ్లో బస్సు దిగి మా అమ్మమ్మ ఇంటికి నడవాలన్నా అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది. పొద్దున కాఫీ ఇక్కడ తాగుతాను, రెండో కప్పు మీ ఇంట్లో."

"అలాగే ఫాదర్. ఒకవేళ విమానం లేకపోతే పడవ కూడా..."

"పడవ మాట ఎత్తకు" అన్నారు. మొహంలో నవ్వు దీపం ఆర్పినట్టు పోయింది.

మర్నాడు పొద్దున్నే కేక్‌తో సహా విమానాశ్రయానికి వెళ్లాం. దాన్ని ఒళ్లో పెట్టుకుని, ట్రైసికిల్ వాడిని గుంట వచ్చినప్పుడల్లా తిట్టుకుంటూ వెళ్లాను. తెల్లటి కేక్, మూడంతస్తులు, అంచులకి గులాబీలు, శిఖరం మీద చక్కెరతో చేసిన పెళ్లికూతురూ పెళ్లికొడుకూ. సామాన్ల అరలో పెడితే పచ్చడైపోతుందని అక్క దానికో సీటు కూడా కొంది.

మాతోపాటు ఎక్కాల్సినవాళ్లు ఇంకొందరు ఉన్నారు. టీకాల పెట్టెతో మిలాగ్రోస్ అనే నర్సు, చంటిబిడ్డతో ఒకావిడ, మా దీవిలో చెడిపోయిన జనరేటర్ బాగుచెయ్యడానికి వస్తున్న ఇద్దరు కరెంటువాళ్లు. అందర్నీ కాటా ఎక్కించారు. ఫాదర్ ఎక్కగానే కాటా దగ్గరున్నవాడు ముల్లు చూసి, వంగి మళ్లీ చూసి, గౌరవంగా గొంతు తగ్గించి పైలట్‌కి చెప్పాడు.

పైలట్ బాల్తజార్ మెత్తటి మనిషి. లెక్క రెండుసార్లు వేశాడు. మూడోసారి మా వైపు జాలిగా చూశాడు.

"అక్కడి రన్‌వే చిన్నది, ఫాదర్ గారూ. ఇంత బరువుతో దిగలేను. మీరైనా ఆగాలి, లేదా సిప్రియానో గారూ కేకూ ఆగాలి."

"మధ్యాహ్నం ఇంకో ట్రిప్పు వెయ్యవా?" అన్నాను.

"ఆకాశం చూడండి. ఈ ట్రిప్పే అనుమానం. రేపటి సంగతి దేవుడికే తెలియాలి." అని, ఎదురుగా ఉన్నది దేవుడి మనిషే అని గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు.

తెల్లారితే పెళ్లి. నిర్ణయం నాది కాదు. అక్కకి ఫోన్ చేశాను. గాలి హోరుకి ఏమీ వినపడక స్పీకర్ పెట్టాను. అదే కొంప ముంచింది.

"ఫాదరా కేకా అని నన్నడుగుతావేంట్రా!" అక్క గొంతు విమానాశ్రయమంతా మోగింది. "ఆయన్ని పడవెక్కించు. ఉప్పునీళ్లు తగిలితే ఆయనేం కరిగిపోడు, కేక్ కరిగిపోతుంది!"

"అక్కా, ఫాదర్ ఇక్కడే..."

"భయపడుతున్నాడా? ఏం ఫర్వాలేదని చెప్పు. నేను ఫోటో చూశానుగా. మునిగే రకం కాదు, తేలే రకం."

కరెంటువాళ్లు ఇద్దరూ గోడ మీద పోస్టరు చదవడం మొదలుపెట్టారు. నర్సు టీకాల పెట్టె తెరిచి మూసింది.

"అక్కా! స్పీకర్‌లో ఉన్నావు."

అవతల కోడి కూసింది. తర్వాత చాలా చిన్న గొంతుతో, "ఫాదర్ గారూ, నమస్కారమండీ. దీవించండి" అని ఫోన్ పెట్టేసింది.

ఫాదర్ నవ్వుతారనుకున్నాను. ఆయన వెళ్లి గోడ పక్కన బెంచీ మీద కూర్చున్నారు. నేను పక్కన కూర్చున్నాను. తల ఎత్తకుండానే చెప్పారు.

"మా అన్న పేరు క్రెసెన్సియో. నా చిన్నప్పుడు మా ఊరి నది దాటుతుంటే పడవ తిరగబడింది. ఇద్దరం అందులోనే ఉన్నాం. వాడు నన్ను ఒడ్డు మీదికి నెట్టాడు. వాడు రాలేదు. అప్పట్నుంచి బకెట్‌లో నీళ్లు తప్ప నేను ఇంకే నీళ్ల దగ్గరికీ వెళ్లలేదు."

"ఫాదర్, మీరు విమానం ఎక్కండి. కేకూ నేనూ ఉండిపోతాం. అక్కతో నేను మాట్లాడతాను" అన్నాను.

ఆయన నా మొహం పరీక్షగా చూశారు. "పెళ్లినాడు కేక్ లేకపోతే మీ అక్క నిన్ను బతికినన్నాళ్లూ తింటుంది. పడవైతే మూడున్నర గంటల్లో అయిపోతుంది." ఇప్పుడు కొంచెం నవ్వారు. "ప్రతి ఆదివారం మీ అందరికీ భయపడకండని చెబుతాను. చెప్పేవాడు ఒక్కసారైనా వినకపోతే ఎలా? పద, నీ పడవ ఎక్కడుందో చూపించు. ఆలస్యం చేస్తే మనసు మారుతుంది."

ఆయన్ని ఒంటరిగా పంపడానికి నాకు మనసొప్పలేదు. కేక్‌ని నర్సు మిలాగ్రోస్ చేతుల్లో పెట్టాను. "నీ టీకాల కంటే జాగ్రత్తగా చూసుకో తల్లీ" అన్నాను. దాన్ని సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాం. నా బదులు ఒక ముసలాయన ఎక్కాడు, ఫాదర్ బదులు ఆ ముసలాయన కుట్టుమిషను ఎక్కింది. మేం రేవు దారిలో ఉండగానే విమానం మా తలల మీదుగా వెళ్లింది.

ఫాదర్ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. "అదిగో, నా సీట్లో కుట్టుమిషను ఎగిరిపోతోంది" అన్నారు.

రేవులో ఎలియో ఇంకా బయల్దేరలేదు. మా వైపు పడవల వాళ్లలో పాతకాపు ఆయన. పెళ్లికి కావలసిన బియ్యం బస్తాలూ బీరు పెట్టెలూ ఎక్కిస్తున్నాడు. ఫాదర్‌ని పైనుంచి కిందికి చూసి, "ఏరా సిప్రీ, ఈయన సామానా, మనిషా?" అన్నాడు.

"పెళ్లి చేయించే ఫాదర్, ఎలియో. మర్యాదగా మాట్లాడు."

"అయ్యో, మర్యాదగానే అడుగుతున్నాను. సామానైతే మధ్యలో పెట్టాలి, మనిషైతే ఎక్కడైనా కూర్చోవచ్చు. ఈయన్ని మధ్యలోనే పెడదాం. ఫాదర్ గారూ, అలా బియ్యం బస్తాల మీద పడుకోండి. మెత్తగా ఉంటుంది."

రేవు దాటేదాకా ఫాదర్ కళ్లు మూసుకుని జపమాల తిప్పుతున్నారు. దాటాక మొదటి కెరటం పడవ కిందికి దూరి పైకి లేపింది. ఆయన జపమాల వదిలేసి నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి మూడు రోజులు నొప్పి పెట్టింది.

"ఇంకెంత దూరం?" అని అడిగారు.

"వచ్చేశాం, ఫాదర్ గారూ" అన్నాడు ఎలియో. బాస్కో లైట్‌హౌస్ ఇంకా మా వెనకే కనిపిస్తోంది.

నడిసముద్రంలో ప్రవాహాలు రెండు ఎదురెదురు పడే చోటికి వచ్చేసరికి పడవ ముందుకీ వెనక్కీ కాకుండా చుట్టూ ఊగడం మొదలుపెట్టింది. ఫాదర్ పొద్దుటి కాఫీ సముద్రానికి ఇచ్చేశారు. తర్వాత నిన్నటి రాత్రి భోజనం. తర్వాత, చూస్తే, ఈస్టరు నాటిది కూడా ఇచ్చేసేటట్టున్నారు. ప్రతిసారీ ఎలియో, "బాగుందండీ, తేలికవుతున్నారు" అని మెచ్చుకున్నాడు.

"ఇంకెంత దూరం?"

"ఇదిగో, వచ్చేశాం."

"నువ్వు అబద్ధాలు చెబుతున్నావు."

"ఆ పాపం ఒప్పుకోడానికి ఫాదర్ పక్కనే ఉన్నారు కదా అని ధైర్యం."

ఆయన నవ్వబోయి మళ్లీ వంగారు. అయితే ఆ తర్వాత కళ్లు తెరిచే ఉంచారు. నీలం ఎగురుచేపలు కొన్ని పడవ పక్కనుంచి లేచి చాలా దూరం పోయి పడ్డాయి. ఆయన వాటిని చూస్తూ, "క్రెసెన్సియోకి ఇవి చూపిస్తే గంతులు వేసేవాడు" అన్నారు. నాతో అన్నారో, తనలో తను అనుకున్నారో తెలియదు.

మా దీవికి ఒడ్డు ఉండదు, గోడ ఉంటుంది. చుట్టూ నిట్టనిలువు రాళ్లు. చినపొలిరన్ రేవు అని పేరే గాని, రాతికి అంటించిన సిమెంటు అరుగు ఒకటి. పడవ దానికి ఆనదు. కెరటం పడవని అరుగు ఎత్తుకి లేపిన క్షణంలో దూకాలి, పైవాళ్లు చెయ్యి పట్టుకుని లాగుతారు. నేను పుట్టినప్పట్నుంచీ దూకుతున్నాను. ఫాదర్ ఆ అరుగుని చూసి, ఆ కెరటాన్ని చూసి, నన్ను చూశారు.

"మెట్లు లేవా?"

"మెట్లు పైన ఉన్నాయి, ఫాదర్. ముందు అరుగెక్కితే వస్తాయి."

ఎలియో మొదటిసారి వేళాకోళం మాని, ఆయన రెండు భుజాలూ పట్టుకున్నాడు. "నా మాట వినండి. నేను దూకమన్నప్పుడు దూకాలి. ముందు కాదు. ప్రార్థన పూర్తయ్యాక కూడా కాదు. ప్రార్థన ఇప్పుడే చేసేసుకోండి."

అరుగు మీద నలుగురు నిలబడ్డారు. ఫాదర్‌ని చూశాక ఆరుగురయ్యారు. పడవ లేచింది, పడింది, మళ్లీ లేచింది. "దూకండి!" అని ఎలియో అరిచాడు. ఆయన గట్టిగా "క్రెసెన్సియో!" అని కేకేసి దూకారు. ఆరుగురూ ఆయన్ని అందుకున్నారు, ఏడుగురూ కలిసి వెనక్కి పడ్డారు. కింద ఎవరున్నారో తెలియడానికి కొంతసేపు పట్టింది.

నేను దూకి వెళ్లేసరికి ఆయన సిమెంటు మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ నవ్వుతున్నారు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. "వచ్చేశానా?" అన్నారు.

"ఈసారి నిజంగానే వచ్చేశారు."

పై మెట్టు మీద మా అక్క నిలబడి ఉంది. ఫాదర్ కాళ్ల దగ్గరికి వస్తుందనుకున్నాను. ఆవిడ ఆయన్ని దాటి నా వెనక చూసింది, పడవలోకి చూసింది.

"కేక్ ఏదిరా?"

"అదేంటక్కా! మా కంటే ముందే విమానంలో బయల్దేరింది. పన్నెండు నిమిషాలు!"

"విమానం ఏదిరా? పొద్దున మబ్బులో మోత వినపడింది. గుండ్రంగా తిరిగి వెనక్కి పోయింది."

ఫాదర్ లేచి కూర్చున్నారు. ఏ విమానంలో సీటు వదులుకుని తను ఇంత దూరం పడవలో వచ్చారో ఆ విమానం బాస్కోలోనే కూర్చుని ఉందని ఆయనకి అర్థం కావడం మేం అందరం చూశాం. పొట్ట పట్టుకుని ఆయన నవ్విన నవ్వుకి రేవులో పక్షులు లేచిపోయాయి.

సాయంత్రం నర్సు మిలాగ్రోస్ ఫోన్ చేసింది. రెండుసార్లు బయల్దేరారట, రెండుసార్లూ మా కొండ మీద మబ్బు చూసి తిరిగిపోయారట. "కేక్ మా పిన్ని ఇంట్లో ఫ్యాన్ కింద ఉంది. కంగారు పడకండి. కొంచెం కుడివైపు వాలింది, అంతే."

"ఎంత వాలింది?" అంది అక్క.

"మనిషి నిద్రలో వాలినంత."

అక్క ఆ రాత్రి అన్నం తినలేదు. ఫాదర్‌కి వడ్డిస్తున్నంతసేపూ ఆయన మొహం చూడలేదు.

పెళ్లి పొద్దున చర్చి నిండిపోయింది. నోరింగ్ తయారై నిలబడింది, వెన్సి చెమటలు కక్కుతున్నాడు. అక్క నేరుగా ఫాదర్ దగ్గరికి వెళ్లి, "ఒక్క గంట ఆగితే..." అంది.

ముందు వరసలోంచి కాండిదా వినీ విననట్టు, "ఏం వదినా, మూడంతస్తులూ ఇంకా ఆకాశంలోనే ఉన్నాయా? మా రెండంతస్తులది పాపం నేల మీదే వచ్చింది" అంది.

"నీ రెండంతస్తులు పొడి ఇసుక. నీళ్లు తాగకుండా మింగినవాడు ఊళ్లో లేడు" అంది అక్క.

ఫాదర్ చెయ్యెత్తారు. "నేను ఈ సముద్రం దాటింది ఈ ఇద్దరి కోసం, అమ్మా. కేక్ కోసం కాదు. పిల్లల్ని ఎండలో పెట్టిన వెన్నలా కరిగించకండి. కూర్చోండి."

జీవితంలో మొదటిసారి మా అక్క ఒకరు కూర్చోమంటే కూర్చుంది.

నోరింగ్ ప్రమాణం చెయ్యడానికి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే దూరంగా మోత వినిపించింది. చర్చిలో ప్రతి తలా పైకప్పు వైపు తిరిగింది. అక్క లేచింది. కూతుర్ని చూసి కూర్చుంది. మోత దగ్గరైంది, మళ్లీ సగం లేచింది. నేను ఆవిడ పావడా అంచు పట్టుకుని కిందికి లాగాను. నోరింగ్ తల తిప్పి, "అమ్మా, నేనిక్కడ!" అంది. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వబోయింది, నవ్వు బదులు ఏడుపొచ్చింది. చర్చి మొత్తంలో ఆ తర్వాత విమానం మోత వినకుండా కూర్చున్నది ఆవిడ ఒక్కతే.

భోజనాలు మొదలయ్యాయి. తిపుహో అనే చెట్టు వెడల్పాటి ఆకుల్లో పసుపన్నం, పంది వేపుడు, చెరుకు సారాయి. అప్పుడొచ్చింది ట్రక్కు. విమానం దిగే రాయేలె నుంచి ఊళ్లోకి రోడ్డు ఉంది గానీ, దాన్ని రోడ్డనేది కాంట్రాక్టరు ఒక్కడే. నర్సు మిలాగ్రోస్ మోచేతుల దాకా తెల్లటి క్రీముతో దిగింది. చేతుల్లో పళ్లెం. పళ్లెంలో అంతస్తులు లేవు. ఒక గుట్ట ఉంది. గుట్టలో నడుం దాకా కూరుకుపోయిన చక్కెర పెళ్లికొడుకు. పెళ్లికూతురు కనిపించలేదు.

"ఆకాశంలో మూడుసార్లూ దానికి ఏమీ కాలేదు, ఫెలిసక్కా" అంది నర్సు ఏడుపు గొంతుతో. "రెండు మలుపుల ముందు దాకా నిలబడే ఉంది."

అందరూ అక్కనే చూస్తున్నారు. నోరింగ్ ఒక చెంచా తీసుకుని, గుట్టలో తవ్వి, చక్కెర పెళ్లికూతుర్ని బయటికి లాగి నోట్లో వేసుకుంది. "బాగుందమ్మా" అంది నవ్వుతూ. ఆ తర్వాత పిల్లలు పడ్డారు, పిల్లల తర్వాత పెద్దలు. ముక్కలు కొయ్యాల్సిన పని లేదు కాబట్టి చెంచాలతోనే అయింది.

కాండిదా ఒక చెంచా తిని, ఇంకో చెంచా తిని, అక్క పక్కన వచ్చి కూర్చుంది. "నా కేక్ పొడిగా ఉందని ఏడాదంతా ఒక్కరూ నాతో అనలేదు, వదినా. నువ్వైనా ముందే చెప్పొచ్చుగా."

"చెబితే ఊరుకుంటావా?"

"ఊరుకోను" అంది కాండిదా. గిన్నె మళ్లీ ముందుకి చాపింది. అక్క అడుగునున్న మెత్తటి భాగం వెతికి వేసింది.

ఫాదర్ సంగతి చెప్పాలి. మర్నాడు ఎలియో బాస్కోకి తిరిగి వెళుతూ, "ఎక్కుతారా ఫాదర్ గారూ? ఇప్పుడు మీరు మావాళ్లే కదా" అని అడిగాడు. మేమంతా ఆయన ధైర్యంగా ఎక్కేస్తారనుకున్నాం.

"ఒకసారి దేవుడి కోసం ఎక్కాను" అన్నారు. "రెండోసారి ఎక్కితే అది నా పిచ్చి. విమానం కోసం ఆగుతాను."

ఎలియో ఏమీ నొచ్చుకోలేదు. విమానం మాత్రం వారం దాకా రాలేదు. ఆయన రోజూ పొద్దున సంచి సర్దుకుని మా ఇంటి అరుగు మీద కూర్చునేవారు. ఆకాశం చూసేవారు, తర్వాత వంటింటి వైపు చూసేవారు. అక్క రోజూ ఆయనకి ఎండబెట్టిన చేమకాడల కూర వండింది, ఆవుపాలు కాచింది. ఫోన్‌లో అన్న మాట మాత్రం ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. నాలుగో రోజో ఐదో రోజో మూడోసారి వడ్డించబోతే, "చాలమ్మా, ఇంకా తింటే నిజంగానే తేలతాను" అన్నారు. అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత తన తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది.

విమానం వచ్చిన రోజు అక్కా నేనూ ఆయనతో రాయేలె దాకా వెళ్లాం. "మళ్లీ రండి, ఫాదర్" అంది అక్క.

"మీ మనవడి బాప్తిజానికి వస్తాను. ఎందులో వస్తానని మాత్రం అడక్కండి."

విమానం ఎగిరింది, మబ్బు అంచున తిరిగింది, చిన్నదైంది. మోత పూర్తిగా ఆగేదాకా అక్క అక్కడే నిలబడింది. ఆ తర్వాత, "పదరా, ఆవులకి నీళ్లు పెట్టాలి" అని ముందు నడిచింది.